చూసిన మాటా, విన్న మాటా?

కదిరప్ప గేటుకు ఆనుకొని కూలబడినాడు. నడినెత్తిన ఎండ. చూపు ఆనినంత దూరం సోలార్ ప్యానెళ్ళే. వాటి నడుమ వల్లూరుకు పోయే బండిదారి, దారికి అడ్డంగా ఇనుప గేటు, గేటుకు బీగం. బీపీ మాత్రలకని ఆసుపత్రికి బయలుదేరిన ముసలి మనిషి. వెనకాలే వచ్చిన దాసమ్మ తన కొంగు అతని తలమీద కప్పి, లోపలున్న సెక్యూరిటీ దేవరాజ్‌ను కేకేసింది.

"తీయరా నాయనా! మనిషి వాలిపోతాండాడు!"

"బీగంచెవి ప్రకాశ్ సార్ దగ్గరుండాదవ్వా. పనులుండాయి, ఈ పొద్దంతా గేటు తీసేది లేదని గ్రూపులో వేసినారు కదా."

"ఏం గ్రూపు? యాడుండాది అది?"

"ఫోన్లో. పనోళ్ళ గ్రూపవ్వా."

దాసమ్మకు ఫోను లేదు. కదిరప్పకూ లేదు. వాళ్ళ హట్టిలో, ఆ చిన్న పల్లెలో, ముసలోళ్ళెవరికీ లేదు. కంట్రాక్టరు మనిషి ప్రకాశ్ మోటార్‌సైకిల్ మీద వచ్చి బీగం తీసేసరికి కదిరప్ప మూతి వంకర పోయింది, కుడిచేయి పడిపోయింది. ఆనాటి నుంచి మంచమే. మాట రాదు. కళ్ళు మాత్రం వాకిలి వైపే.

వినండి నాయనా, ఒకప్పుడు ఆ హట్టివాళ్ళు గొర్రెలమందను ముందేసుకొని ఎటు కావాలంటే అటు పోయినవాళ్ళు. ఇప్పుడు ఏ దిక్కు చూసినా కంచె. ఆసుపత్రికి దగ్గరి దారి ఆ ఒక్కటే. చుట్టు తిరిగి పోవడం ముసలి మోకాళ్ళకు చేతకాదు. ఆ దారి ఎప్పుడు మూస్తారో ఎప్పుడు తీస్తారో చెప్పే కబురు వాళ్ళ తలల మీదుగానే దాటిపోతోంది. పుట్టిన చోటే బోనులో పడినట్టయింది బతుకు.

సాయంత్రం గొర్రెలదొడ్డి దగ్గర ముసలోళ్ళంతా చేరినారు.

"ఆఫీసుకు పోయి దండం పెట్టి అడుగుదాం" అన్నాడు పెద్దాయన బోరన్న.

"ఇంకెంతకాలం పెడతావు మామా దండాలు? చేతులు అరిగిపోలేదా?" అన్నాడు దాసమ్మ మరిది ఎర్రప్ప. "మనమిచ్చిన భూమిలో మనకే బీగమా?"

"మన పిల్లోళ్ళు ఆడనే కూలి చేస్తాండారు. వాళ్ళ కూడు పోతే?" అన్నాడు బోరన్న.

అదీ నిజమే కదా.

దాసమ్మ లేచింది. "ఒకసారి పోయి కదిరప్పన్న మొగం చూసి రాండప్పా. రేపు మనమూ అంతే. బీగంచెవి హట్టిలో ఉండల్ల. ఏ కబురైనా ఇంటింటికీ వచ్చి నోటితో చెప్పల్ల. అందాక గేటు కాడినుంచి లేసేది లేదు."

తెల్లారి గేటు ముందర కూర్చున్నారు. ప్యానెళ్ళు కడగను హట్టి బోరులో నీళ్ళు నింపుకొచ్చిన ట్యాంకర్ లోపలికి పోలేక నిలబడిపోయింది. ప్రకాశ్ వచ్చినాడు.

"గ్రూపులో వేసినాం. చూసుకోకుంటే తప్పు మాదా? మీ కొడుకుల్ని అడిగి తెలుసుకోండి."

"మా కొడుకులు పొద్దు పుట్టకముందే మీ ప్యానెళ్ళు కడగను వస్తాండారు. మాకు దొరికేదెప్పుడు?" అనింది దాసమ్మ.

"ఫోను కొనుక్కో అవ్వా!"

"నాకు కండ్లే కనపడవు. దినామూ వచ్చి నువ్వు చదివిపెడతావా అల్లుడూ?" అన్నాడు ఎర్రప్ప. అందరూ పకపకా నవ్వినారు.

ప్రకాశ్ పక్కకు పోయి ఫోను తీసినాడు. కాసేపటికి దాసమ్మ కోడలు నేత్రావతి హట్టిలోనుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అత్తా! గేటు కాడ కూర్చున్నోళ్ళకు పింఛను నిలిపేస్తారంట!"

బోరన్న కర్ర ఊతంగా లేచినాడు. ఒకరి వెనక ఒకరు బట్టలు దులుపుకుంటున్నారు. దాసమ్మ ఉప్పూ పప్పూ కూడా ఆ పింఛనులోనే కదా.

అప్పుడామెకు కరువొచ్చిన ఏడు గుర్తుకొచ్చింది. నాగలమడిక ఏటి దగ్గర పచ్చిక లేచిందని ఎవడో దారినపోయేవాడు అంటే, నమ్మి ఆమె మామ మందను తోలినాడు. అక్కడ ఇసుక తప్ప ఏముంది? గొర్రెపిల్లలు దారి పొడుగునా రాలిపోయినాయి. ఆనాటి నుంచి హట్టిలో ఒక కట్టుబాటు. ఎవరు ఏ కబురు తెచ్చినా, చూసిన మాటా విన్న మాటా అని అడగాలి. విన్నదైతే ఎవరి నోట విన్నారో చెప్పాలి. ఆ నోటిని అడిగి వచ్చేదాకా మంద కదలకూడదు.

"ఆగు మామా! నేత్రావతీ, ఇది చూసిన మాటా, విన్న మాటా?"

"విన్నదే. నీ కొడుకే ఫోన్లో పంపినాడత్తా."

కొడుకు శివరాజు కంచె లోపల ప్యానెల్ తుడుస్తున్నాడు. ఎర్రప్ప కమ్ముల్లోంచి అరిచినాడు. "ఒరే, నీకెవురు చెప్పినార్రా?"

"మేస్త్రీ, చిన్నాయనా!"

మేస్త్రీ ఓబన్న తల గోక్కున్నాడు. "నాకు... ప్రకాశ్ సార్ పంపినాడప్పా."

తలలన్నీ ప్రకాశ్ వైపు తిరిగినాయి.

"పింఛను ఆఫీసులో ఎవురన్నారు నాయనా ఈ మాట? పేరు చెప్పు" అనింది దాసమ్మ.

"పైనుంచి వచ్చింది."

"పైన యాడ? మబ్బుల్లోనుంచా?"

ప్రకాశ్ మళ్ళీ ఫోను తీసి పక్కకు పోయినాడు. బోరన్న మళ్ళీ కూలబడినాడు. "నా మోకాళ్ళను ఊరికే లేపినావు కదరా!"

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. దారికి అడ్డం కూర్చోవడం నేరం, లేవమన్నాడు ఎస్సై.

"అడ్డముండేది మేమా, గేటా సామీ?" అనింది దాసమ్మ.

ఆ మాటకే ఆమె రెక్క పట్టుకున్నారు. మోకాలు లేవక జీపు ఎక్కలేకపోతే కానిస్టేబుల్ ఎత్తి లోపల పడేసినాడు. శివరాజు చేతిలో బ్రష్షు పారేసి గేటు దగ్గరికి ఉరికినాడు.

"పనికి పో. లేకుంటే రేపటినుంచి రావద్దు" అన్నాడు ప్రకాశ్.

శివరాజు అమ్మను చూసినాడు. గేటుకు వీపు ఆనించి కూర్చున్నాడు. మేస్త్రీ ఓబన్న వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ప్యానెళ్ళ వరసల్లోంచి మిగిలిన పనోళ్ళూ దిగి వస్తున్నారు.

జీపు కదిలింది. దాసమ్మ తల బయటికి పెట్టి గొంతు చించుకుంది.

"నేత్రావతీ! కదిరప్పన్నకు మాత్రలు అయిపోయినాయి, తెచ్చియ్యి! చుట్టు తిరిగి పోవద్దు. ఈ దారినే పో!"

నేత్రావతి కొంగు నడుముకు చుట్టింది. మూసిన గేటు దగ్గరికి నడిచి కమ్ములు పట్టుకుంది. బయట ముసలోళ్ళు లేచినారు. లోపల పిల్లోళ్ళు లేచినారు. రెండు వైపుల నుంచీ చేతులు పడినాయి.

గేటు ఊగడం మొదలుపెట్టింది.