వేళ్ళ సందుల్లో మట్టి

తండ్రి పెదవులు నీలం తిరుగుతున్నాయి. కాళ్ళ మీద దుప్పటి సర్దబోయిన కొడుకు చెయ్యి మధ్యలోనే ఆగింది. కాలివేళ్ళ సందుల్లో తడి మట్టి.

కవిగారైన ఆ తండ్రి మంచం పట్టి నెల దాటింది. ఊపిరితిత్తులు చెడిపోయాయి. తేమ సోకకూడదని డాక్టరైన పెద్దకూతురే కిటికీలకు టేపులు వేయించింది. ఇప్పుడామె తలెత్తకుండా ఆక్సిజన్ పెంచుతోంది.

"వానలోకి ఎవరు తీసుకెళ్ళారు?" కొడుకు నర్సమ్మ మీదికి తిరిగాడు.

"నాకు తెలీదు బాబూ. మందులు తెద్దామని బజారుకెళ్ళాను."

తలుపు పక్కన చిన్న ఆక్సిజన్ సిలిండరు నిలబెట్టి ఉంది. దాని చక్రాలకూ బురదే.

"మరి దీన్ని బిగించిందెవరు, నేనా? మా అమ్మా? ఈ పని నీకే వచ్చు. బట్టలు సర్దుకో. ఇంకెక్కడా పని దొరక్కుండా చేస్తాను."

నర్సమ్మ ఒక్కసారి మంచం వైపు చూసి, సంచీ తీసింది.

"ఆవిణ్ణి అనకురా," అంది తల్లి. "పొద్దస్తమానం ఈయనదే గోల. మట్టి మీద ఇన్ని పుస్తకాలు రాశాను, చెప్పుల్లేకుండా ఒక్కసారీ నిలబడలేదే అని. బతుకంతా ఇన్సూరెన్సు ఫైళ్ళు తిప్పిన మనిషికి చివర్లో చెట్టవ్వాలని కోరిక. ఈ అపార్టుమెంట్లో వేరు ఎక్కడ తంతావయ్యా అంటే, కింద పెరట్లో చోటుంది చూశానులే అన్నాడు."

"అడిగితే మాత్రం? చంపేస్తారా?" అన్నాడు కొడుకు.

కవి కళ్ళు తెరిచాడు. మాస్కు కింద పెదవులు కదిలాయి. కొడుకు చెవి ఆనించాడు.

"చల్లగా ఉందిరా... లోపలికంటా."

ఆ తర్వాత పైకి లేచిన ఛాతీ మళ్ళీ లేవలేదు. కూతురు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తల్లి మాత్రం ఆయన పాదాలను రెండు చేతులతో మూసింది, ఎవరైనా తుడిచేస్తారేమోనన్నట్టు.

కొడుకు ఏడుస్తూనే ఫోన్ తీశాడు. "ఏజెన్సీయేనా? మీరు పంపిన మనిషి మా నాన్నని..."

అక్క లేచి ఆ ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"నర్సమ్మా, ఆ సంచీ కింద పెట్టు. రిపోర్టులు చూశాను తమ్ముడూ. ఎలాగూ నాలుగు రోజులే. ఆ నాలుగూ ఈ టేపుల మధ్య ఉంచడానికి నాకు మనసొప్పలేదు. నాన్నని వానలో నిలబెట్టింది నేను."