జంట గడ్డ

నిరుడు తిరుత్తణి కూరగాయల ప్రదర్శనలో వెంకటపతి పెంచిన ఉల్లి, అక్కడి మాటలో ఎర్రగడ్డ, అన్నిటికన్నా ఎక్కువ తూగింది. తూగినా గెలవలేదు. ఆ పందెంలో త్రాసు చెప్పేది సగం తీర్పు; మిగతా సగం కత్తి చెబుతుంది. బరువైన గడ్డను అందరి ఎదుటా నడిమికి కోస్తారు. లోపల మొగ్గ ఒకటే ఉండాలి. రెండుంటే అది జంట గడ్డ. రెండు చిన్నవి ఒకే తోలు కప్పుకొని పెద్దరికం నటించినట్టు లెక్క. కత్తి దిగింది. రెండు మొగ్గలు కనిపించాయి. జనం నవ్వారు. అందరికన్నా ముందు నవ్వినవాడు అతని అక్క మొగుడు ఏకాంబరం.

"కవలపిల్లల్ని కంటివి గదరా బామ్మర్దీ. తొట్టిలి నేను కొనిస్తాలే," అన్నాడు, పందెం గెలిచిన తన గడ్డ చెక్కను అరచేతిలో ఎగరేస్తూ.

ఆ నవ్వు ఏడాది పొడుగునా వెంకటపతి చెవిలో చీమై తిరిగింది. కే.జీ.కండిగైలో ఇద్దరి పొలాలకూ నడుమ ఒక్క గెనిమ గట్టు. బావి ఒకటే, మోటారు ఒకటే, నీళ్ల వంతులు మాత్రం వేరు. కనుక ఆ నవ్వు రోజూ కంటికెదురుగా పార పట్టుకొని తిరుగుతూనే ఉండేది.

ఈ ఏడు అతడు ఎర్రగడ్డను పెంచలేదు. దాని కోసం చంపాడు. చుట్టూ ఉన్న మొక్కలను పెరికాడు. పూకాడ లేచినవాటి మెడలు విరిచాడు. ఆకు నాకే పురుగును గోళ్ల నడుమ నలిపాడు. మడిలో కాలు పెట్టిన కోడిని రాయితో కొట్టి, రెక్క పట్టి గెనిమ అవతలికి విసిరాడు. చివరికి ఒక్క గడ్డ మిగిలింది. నేలను పగలదీసుకొని, పసిబిడ్డ తలలా పైకి వచ్చింది.

గడ్డ ముదిరాక తడి తగిలితే పగిలిపోతుందని వ్యవసాయ ఆఫీసులో చెప్పారు. అతడు నీళ్లు ఆపేశాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. చెబితే బావ చెవిన పడుతుందని భయం.

ప్రదర్శన ఎల్లుండి అనగా, తిరువళ్లూరులో బంధువుల పెండ్లి చూసుకొని, పొద్దున బస్సు దిగి నేరుగా మడికి వచ్చాడు. మడి నిండా నీళ్లు. గెనిమకు గండి. గడ్డ తోలు మెడ నుంచి వేరు దాకా చీలి, లోపలి తెలుపు పుండులా తడిగా మెరుస్తోంది.

కాలవలో ఏకాంబరం వంగి పార కడుక్కుంటున్నాడు.

"నీళ్లెవురు తిప్పినారు బావా?"

"నాకేం తెలుసురా. నీ కవలలకు దప్పికైంటాది."

గట్టు మీదున్న పార వెంకటపతి చేతిలో లేచింది. ఏకాంబరం వెనక్కి తిరగకముందే అది అతని భుజం మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. కూలినవాడు కూలిన చోటనే వెంకటపతి కాలు అందుకొని, పిక్కలో పళ్లు దించాడు. ఇద్దరూ కాలవలో దొర్లారు. బురద నోట్లోకి, నెత్తురు నీళ్లలోకి. వెంకటపతి అతని జుట్టు పిడికిట పట్టి తలను నీళ్లలో అదిమాడు. బుడగలు లేచాయి. అతడు ఇంకా అదిమాడు.

వీపు మీద కుండ పగిలింది. మొగుడికి సద్ది తెచ్చిన కుప్పమ్మ, సద్దికుండతోనే తమ్ముణ్ని కొట్టింది.

"వదల్రా పాపిష్టోడా. నీళ్లు తిప్పింది నేను."

అతని వేళ్లు వదులయ్యాయి. ఏకాంబరం తల పైకెత్తి దగ్గుతూ నీళ్లు కక్కాడు.

"నువ్వా?"

"నేనే. నాయన నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన వంతు. నా నీళ్లు. నీకే తిప్పినా." ఆమె మొగుణ్ని గట్టు మీదికి లాగుతూనే మాట్లాడింది. "సంతకు పెరికే ముందర తడపకుండా పెరికేటోడు ఈ ఊర్లో యాడుండాడు? తడిపితే తూకం వస్తాదని తిప్పినా. ఈ మనిషి దినామూ అన్నం కాడ నిన్ను ఎగతాళి పట్టిస్తా ఉంటే వినలేక, ఈసారన్నా నువ్వు గెలవల్లని తిప్పినా. నీళ్లు ఆపినానని నాతో ఒక మాట చెప్తివా నువ్వు?"

ఆమె మడిలో దిగి, గడ్డను జుట్టు పట్టి పెరికింది. గట్టు మీద పెట్టి, అదే పారతో ఒక్క వేటు వేసింది. చెక్కలు రెండు వైపులకూ పడ్డాయి. చీలినవి పై పొరలే. లోపల మొగ్గ ఒకటే.

ముగ్గురూ చూశారు. కుప్పమ్మ రెండు చెక్కలనూ కొంగులో వేసుకొని, మొగుడి వాపుకు పసుపుతో నూరి కట్టడానికి ఇంటి దారి పట్టింది.

మరునాడు, వెదురు బద్దల కట్టుతో మంచం మీదున్న ఏకాంబరం బామ్మర్దిని పిలిపించాడు.

"నా గడ్డ తిరుత్తణి కాట్చికి నువ్వే ఎత్తుకొని పో. అది మోయాల్సిన చెయ్యి నువ్వు విరగ్గొడితివి."

ప్రదర్శన నాడు తిరుత్తణి బస్సులో ఆ గడ్డ వెంకటపతి ఒడిలో కూర్చుంది. బొటనవేలు దాని మెడ మీద ఆనింది. కాస్త నొక్కితే చాలు, లోపల కుళ్లు మొదలవుతుంది. దారి పొడుగునా ఆ వేలు అక్కడే ఉంది. నొక్కలేదు.

గడ్డ అన్నిటికన్నా ఎక్కువ తూగింది. ఎవరిదని అడిగారు.

"మా బావది," అన్నాడు.

కత్తి దిగింది. రెండు మొగ్గలు.

ముందు వరసలో కూరగాయల మండీ నటరాజ్ తొడ చరిచాడు. "ఈసారి బావకు కవలలంట రో. తొట్టిలి ఎవురు కొనిస్తారు?"

జనం నవ్వు ఇంకా పూర్తిగా లేవనేలేదు. వెంకటపతి చెక్కలు రెండూ ఎడమచేత అందుకొని, బల్ల మీదుగా దూకి నటరాజ్ గొంతు పట్టుకున్నాడు. బల్ల తిరగబడింది. గుమ్మడికాయలు దొర్లాయి, పొట్లకాయలు కాళ్ల కింద చితికాయి.

"మా బావ గడ్డను చూసి ఎవుడ్రా నవ్వేది?"

పిడికిలి దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. నలుగురు కలిసి అతణ్ని లాగితే తప్ప ఊడి రాలేదు. చొక్కా చినిగింది, పెదవి చిట్లింది. ఎడమచేతిలో మాత్రం ఆ రెండు చెక్కలనూ ఒక్కటిగా అదిమి పట్టుకొనే ఉన్నాడు.