మెట్టవీధి కింద అసిరయ్య

అసిరయ్య సిమెంటు రోడ్డు కింద ఉండి నీళ్లు వదలడం ఇవాళ్టికి పదకొండో రోజు. నీళ్లు బాగానే వస్తున్నాయి.

అసిరయ్య మా వార్డులో వాల్వు తిప్పే మనిషి. మెట్టవీధి మొదట్లో నిలువు లోతు గుంత ఒకటి ఉంది. అందులోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఇనప చక్రాన్ని పద్నాలుగు చుట్లు తిప్పితే వీధికి నీళ్లెక్కుతాయి. నేను ఆ వార్డుకు ఆఫీసర్ని. నీళ్లు, దీపాలు, చెత్త, కాలువలు, కుక్కలు, అన్నిటికీ నాదే పూచీ.

రోడ్డు వేసే ముందు వార్డు ఆఫీసరు వీధంతా నడిచి, ప్రతి గుంతలోకీ వంగి చూసి, లోపల ఎవరూ లేరని కాగితం మీద సంతకం పెట్టాలి. అది పద్ధతి. నేను ఆ సోమవారం ఐదు వీధుల కాగితాలు ఒకేసారి ముందేసుకుని, కుర్చీలోంచి లేవకుండా ఐదు సంతకాలు పెట్టేశాను. మర్నాడు మంగళవారం పొద్దున, అసిరయ్య గుంతలో ఉండగానే, పైన రోడ్డు పోసేశారు. నాకంటే ముందున్నాయన అలాగే పెట్టేవాడు, ఆయనకు ముందున్నాయనా అంతే. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా వాటాకు మాత్రం నిండు మనిషి వచ్చాడు.

రోజూ పొద్దున ఐదున్నరకు ఆఫీసులోని వేలిముద్ర యంత్రం మీద ఆయన బొటనవేలి గుర్తు తడిగా పడుతుంది. కాబట్టి సెలవు రాయడానికి లేదు. చనిపోయాడని రాయడానికి అసలే లేదు.

ఆయన వాల్వు తిరిగి కట్టేయడం లేదు గనక మెట్టవీధిలో కుళాయిలు పగలూ రాత్రీ పారుతున్నాయి. జిల్లా మొత్తం మీద ఇరవై నాలుగు గంటలూ నీళ్లిచ్చే వీధి ఇదొక్కటే. పైఆఫీసు వాళ్లు వచ్చి నాకు శాలువా కప్పి వెళ్లారు. ఆ శాలువా వేసుకున్నప్పటి నుంచీ నాకు చలి తగ్గడం లేదు.

నీళ్లతో పాటు ఆయన గొంతు కూడా వస్తోంది. ప్రతి కుళాయిలోంచీ ఒకటే మాట. "నీళ్లొచ్చినాయా?"

నలకలు పడకుండా మా ఊళ్లో కుళాయి మూతికి పాత గుడ్డ కట్టుకుంటారు. ఇప్పుడు ఆ మాట గుడ్డలో ఆగిపోతోంది, నీళ్లు మాత్రం నిశ్శబ్దంగా బిందెలోకి దిగుతున్నాయి. అసిరయ్య భార్య వరహాలమ్మ ఇల్లిల్లూ తిరిగి, బరువెక్కిన గుడ్డలు విప్పుకుని, వేరే గుడ్డలు కట్టి వస్తోంది. విప్పినవి ఇంట్లో దండెం మీద ఆరేసుకుంటుంది. ఎన్ని రోజులైనా అవి ఆరవు, ఆమెను అడుగుతూనే ఉంటాయి.

ఇవాళ ఆమె తడిగుడ్డల మూటతో ఆఫీసుకు వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూర్చుంటుంది. కుర్చీ చూపిస్తాను. తల అడ్డంగా ఊపుతుంది.

"అమ్మా, మాది వీధిలో ఆకరిల్లు గదా," అంటుంది. "మెట్ట మీద. మాకెక్కితే అందరికీ ఎక్కినట్టే. ఆయన కిందనించి నీళ్లొచ్చినాయా అని కేకేస్తాడు. నాను పైనించి ఒచ్చినాయి అంటాను. అప్పుడు గడియారం సూసుకుని గంటకి కడతాడు. పాతికేళ్లబట్టి అదే లెక్క. నాను అననిదే కట్టడు."

"రోడ్డు అడ్డమొచ్చి మీ కేక ఆయనకు వినపడటం లేదు," అంటాను. "కుళాయిలో నోరు పెట్టి చెప్పండి. వినపడుతుంది."

"నాకు తెల్దేటమ్మా?" అంటుంది ఆమె. "సెప్తే కట్టీస్తాడు. కట్టీస్తే పనైపోద్ది. పనైపోయినోడు ఇంటికి రావాల. దారేదమ్మా?"

దారి మూసింది నేనే, ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసీ నన్ను అమ్మా అంటోంది. తిట్టినా బాగుండును.

నేను ఇంజినీరు చంద్రమౌళి గదికి వెళతాను. ఆయన గది మొన్నటికంటే పొడుగ్గా ఉంది. బల్ల దాకా చేరేసరికి నా చెప్పు తెగుతుంది.

"కొత్త రోడ్డు మేడమ్," అంటాడు ఆయన. "మూడేళ్లు ముట్టుకోడానికి లేదు."

"కింద మనిషి ఉన్నాడండీ."

"ఆయన సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది కదా. మూడేళ్లకు బయటికొచ్చినా ఒక ఏడాది మిగులుతుంది."

నేను అక్కడే నిలబడి కాగితం రాస్తాను. చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది, రోడ్డు పగలగొట్టించండి, అని రాస్తాను. ఆయన చదివి, పైకి పంపి, జవాబు కూడా అప్పటికప్పుడే తెప్పిస్తాడు. గుంతలో ఎవరూ లేరని ధ్రువీకరించిన కాగితం సక్రమంగా ఉందట. చూడకపోవడం నా సొంత విషయమట.

తిరిగొచ్చేసరికి ఆఫీసు ముందు మెట్టవీధి జనం ఉన్నారు. ముందు నిలబడ్డది మేడ ఇంటి సన్యాసిరావు గారు. ఒకప్పుడు రెండు బిందెల కోసం తెల్లవారకముందే లైన్లో నిలబడ్డ మనిషి. ఆయన చేతిలో అర్జీ ఉంది, అరవై రెండు సంతకాలతో.

"వరహాలమ్మ నోరు తెరవకుండా ఆర్డరు ఇవ్వండమ్మా," అంటాడు.

"ఆయన భార్యండీ ఆవిడ."

"మేం కాదన్లేదు. అసిరయ్యంటే మాకూ అభిమానమే, పండక్కి బట్టలు పెట్టేవాళ్లం. కానీ ఆవిడ ఒక్క మాటంటే అరవై రెండు కుళాయిలు ఆగిపోతాయి. మీరే సెప్పండి, ఒక్కరా, అరవై రెండిళ్లా?" ఆయన కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

అర్జీ తీసుకుని నంబరు వేస్తాను. నా చెయ్యి ఆ పని అడగకుండానే చేసేస్తుంది. ఆ చేతిని చూస్తే నాకు అసహ్యం వేస్తుంది.

లోపల వరహాలమ్మ మూట విప్పి, ఒక్కొక్క గుడ్డా చెవి దగ్గర పెట్టుకుంటోంది. నన్నూ వినమంటుంది. మొదటి రోజుల గుడ్డలో మాట గట్టిగా ఉంది. ఐదో రోజుకు సన్నబడింది. ఇవాళ్టి గుడ్డలో మాట లేదు, ఊపిరి ఒక్కటే ఉంది, చివర్లో దగ్గు.

"అలిసిపోనాడమ్మా," అంటుంది ఆమె. "దారి ఉన్నా నేకపోయినా, ఇంక సెప్పీవాల. ఎంతకాలమని అడిగించుకుంటాను? పాపం గదా."

ఆమె లేచి నడుస్తుంది. నేను వెనకాలే వెళతాను. సన్యాసిరావు గారు, జనం మా వెనకాల వస్తారు. ఎవరూ ఆపరు. మెట్ట చివర ఆమె ఇంటి ముందు కుళాయి ధారగా పారుతోంది. ఆమె గుడ్డ విప్పి, కుళాయి మూతిని రెండు చేతులతో పట్టుకుని, పెదవులు ఆనిస్తుంది.

"ఒచ్చినాయి," అంటుంది. మళ్లీ పెదవులు ఆనించి, "ఒచ్చినాయి, కట్టీయి," అంటుంది.

రోడ్డు కింద చక్రం తిరుగుతున్న చప్పుడు మా పాదాలకు తెలుస్తుంది. నేను లెక్కపెడతాను. పద్నాలుగు. అరవై రెండిళ్లలో ధారలు ఒక్కసారే ఆగుతాయి. తర్వాత ఏ కుళాయిలోంచీ ఏ మాటా రాదు.

వరహాలమ్మ వీధి మొదలుకేసి చూస్తూ నిలబడుతుంది. అందరం అటే చూస్తాం. ఎవరూ రారు. నేను ఏడుస్తాను. ఆఫీసరు జనం ముందు ఏడవకూడదని నాకు తెలుసు.

గొట్టాల్లో మిగిలిన నీళ్లు పోవడానికి చోటు లేక పైకి ఊరుతున్నాయి. సిమెంటు రోడ్డు అంచుల నుంచి నానుతూ, రంగు మారుతూ, మెత్తబడి, చూస్తుండగానే తడిసిన నేత గుడ్డ అవుతుంది. వరహాలమ్మ ఇంటి గడప ముందు దాని కొస దొరకబుచ్చుకుంటుంది.

"రెండో కొస పట్టండమ్మా," అంటుంది. "పిండుదాం."

తవ్వకూడదని, కొట్టకూడదని, కొయ్యకూడదని కాగితాల్లో ఉంది. పిండకూడదని ఎక్కడా లేదు. నేను వీధి మొదటికి పరిగెత్తి ఆ కొస పట్టుకుంటాను. ఆమె కుడికి మెలిపెడుతుంది, నేను ఎడమకు. నీళ్లు వీధి పొడుగునా కారి కాలవల్లోకి పోతాయి. సన్యాసిరావు గారు మేడ మెట్ల మీద కూర్చుని చేతుల్లో ముఖం దాచుకుంటాడు. ఇళ్లు మెల్లగా ఒకదాని పక్కకొకటి జరుగుతాయి.

మెలిక పడిన కొద్దీ వీధి పొట్టిదవుతోంది. వరహాలమ్మ నా వైపు వస్తోంది, నేను ఆమె వైపు వెళుతున్నాను. రెండు వందల గజాల నుంచి ఇరవై గజాలు, అక్కడి నుంచి బారెడు. ఇప్పుడు ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. పదకొండు రోజులుగా నేను ఆ ముఖంలోకి సూటిగా చూడలేదు. మా నాలుగు చేతుల మధ్య చిన్న తడి మడత ఒక్కటి మిగిలింది.

"నాకు కళ్లు ఆనవు," అంటుంది ఆమె. "మీరు సూడండమ్మా."

నేను మడత విప్పి వంగి చూస్తాను. లోపల మంగళవారం పొద్దున. గుంతలో మోకాళ్ల మీద అసిరయ్య, చక్రం మీద చెయ్యి, పైకెత్తిన తల. గుంత అంచున, నేను వంగి చూడాల్సిన చోట, నా ఎత్తున, నా వెడల్పున, చీర కుచ్చిళ్లతో సహా, వెలుతురు ఒకటి నిలబడి ఉంది. దానికి కళ్లు లేవు. అసిరయ్య నవ్వుతూ దానికి దణ్ణం పెడతాడు.

"అమ్మగారూ," అంటాడు దానితో, "నాను లోపలున్నాను."