బావమరిది అడుగు పెట్టని పచ్చిక

పెరడంతా కలుపూ, బురదే. సిమెంటు పోయించేద్దామని మా ఆవిడ మేస్త్రీతో మాట్లాడింది కూడా. "ఎందుకు దండగ ఖర్చు, నేనే బాగుచేస్తాను," అన్నాను. నా బద్ధకం తెలిసిన మనిషి కాబట్టి జాలిగా చూసి సరేనంది.

అసలు సంగతి పొదుపు కాదు. ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో దిగిన బావమరిదికి నోరు మూతపడదు. స్నానానికి వెళితే తలుపు దాకా వచ్చి మాట్లాడతాడు. బురదంటే మాత్రం అసహ్యం, పెరటి మెట్టు దిగడు. ఇంట్లో నాకంటూ మిగిలిన ఏకాంతం ఆ పెరడొక్కటే.

రోజూ సాయంత్రం పాత స్క్రూడ్రైవర్ పట్టుకుని గొంతుక్కూర్చునేవాణ్ణి. నేల తడిపి వేరు తెగకుండా కలుపు లాగేవాణ్ణి. గడ్డిని మరీ పొట్టిగా కోయకుండా, కూరగాయల తొక్కలు మగ్గబెట్టి చల్లేవాణ్ణి. ఒక్కో వేరు మొత్తంగా ఊడి వచ్చినప్పుడు నాలోనూ ఏదో ఊడినట్టు తేలికగా ఉండేది. అదేమిటని తరచి చూసుకోలేదు. కొన్ని లాగకపోవడమే మంచిది.

చేసిన పొరపాటల్లా పని మరీ శ్రద్ధగా చేయడమే. గడ్డి దట్టంగా అల్లుకుని బురద మాయమైంది. ఒక సాయంత్రం వెనకాల కుర్చీ ఈడ్చిన చప్పుడు.

"ఇక్కడ ప్రాణానికి హాయిగా ఉంది బావా. ఇకనుంచి రోజూ ఇక్కడే కూర్చుందాం. మొన్నటి ఇంటర్వ్యూ సంగతి సగంలో ఆపాను కదూ?"

"పూర్తి చేశావు."

"అది ముందుమాట."

మర్నాడు పొద్దున్నే పక్క ఖాళీ స్థలంలోంచి గింజపట్టిన కలుపు మొక్కలు కోసుకొచ్చి, పెరడు మళ్ళీ పాతలా కావాలని పచ్చిక మీద దులుపుతున్నాను. తలెత్తితే ఎదురుగా మా ఆవిడ.

"ఏం చేస్తున్నారు?"

అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు. "మీ తమ్ముడు..." అన్నాను.

తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి. అలాంటిది ఆవిడ లోపలికి వెళ్ళి నాలుగు పుల్లలు, పురికొస తెచ్చి పచ్చిక చుట్టూ కట్టేసింది. ఇంతలో తమ్ముడు కుర్చీతో మెట్టు మీదికి వచ్చాడు.

"ఆగరా, అడుగు పెట్టకు. మీ బావ విత్తనం జల్లారు. తొక్కితే మొలవదు."

ఆ మాటలో అణువంత అబద్ధం లేదు.

"ఏం గడ్డి అక్కా?"

"మొలిచాక తెలుస్తుంది."

తర్వాత ఆవిడ కలుపు తవ్వడానికి చెంచా పట్టుకుని పురికొస దాటి వచ్చింది. పక్కన కూర్చుంటుందని కాస్త జరిగాను.

"అటు మూల మీది, ఇది నాది," అంది మెల్లగా. "మాట్లాడించకండి."

ఇన్నాళ్ళుగా అలసిపోయింది నేనొక్కణ్ణే అనుకున్నాను. నా మూలకి పోయాను.

మెట్టు మీద బావమరిది కాసేపు దిక్కుతోచనట్టు నిలబడ్డాడు. అంతలో గోడ అవతల పక్కింటాయన మొక్కలకు నీళ్ళు పెట్టడానికి వచ్చాడు, పాపం.




"బాబాయ్ గారూ, ఖాళీయేనా?" అంటూ కుర్చీని గోడవైపు ఈడ్చాడు.