గడ్డిమెట్ట మీద ఒలికిన వైను

అర లీటరు స్టీలు ఫ్లాస్కును నేను. రేకుగా ఉన్నదాన్ని చుట్టి, అతికించి, రెండు పొరల మధ్య గాలంతా లాగేసి ఈ రూపం ఇచ్చారు. ఊపిరి తీసి ప్రాణం పోశారన్నమాట. రాజాం బజారులో నన్ను కొన్నది పైడితల్లి. నర్సు ఉద్యోగానికి నార్వే వెళ్తూ చీరల మడతల్లో నన్ను దాచి తీసుకెళ్లింది. అక్కడ తొమ్మిదేళ్లు ఆమె మధ్యాహ్నపు చారు మోశాను. ఎంత తోమినా నా గొంతులో ఇంగువ వాసన పోదు.

ఆ దేశం చల్లనిది, మనుషులు నెమ్మదస్తులు. మందు దగ్గర మాత్రం లెక్క వేరు. వైను కావాలంటే సర్కారు కొట్టుకే వెళ్లాలి. అది శనివారం మధ్యాహ్నం దాటితే మూత, ఆదివారం తెరవనే తెరవరు. అందుకని శుక్రవారం సాయంత్రం పెద్దమనుషులంతా బడిపిల్లల్లా బుద్ధిగా వరుస కడతారు. హోటల్లో ఒక్క గ్లాసు బీరు ధరకు రాజాంలో నలుగురు కడుపునిండా భోంచేయొచ్చు. అంత పోసి కొన్నా, పార్కులోనో సముద్రపు ఒడ్డునో కూర్చుని సీసా మూత తీస్తే తప్పు. తీసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. కాగితపు సంచిలో చుట్టుకుని తాగుతారు. సంచిలో ఏముందో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం అక్కడి మర్యాద.

ఆ మర్యాద చేతకాని మనిషి టోర్‌లైఫ్. ఎనభై ఒక్కేళ్లవాడు. ఆ చిన్న ఊళ్లో ముప్పై ఐదేళ్లు పోలీసుగా చేశాడు. సొంత తమ్ముడి సీసా అయినా సరే, నేల మీద ఒంపేసి గాని కదిలేవాడు కాదట.

ఆయన భార్య ఓస్‌హిల్డ్, పైడితల్లి పనిచేసే వృద్ధాశ్రమంలో ఉండేది. మతిమరుపు జబ్బు. ఎనిమిది నెలలుగా భర్తను గుర్తుపట్టడం లేదు. రోజూ వచ్చి పక్కన కూర్చునే ఆయన్ను పోస్టుమాన్ అనుకునేది. ఎవరు కనిపించినా ఒకటే అడిగేది: “నన్ను సముద్రం పక్కన గడ్డిమెట్ట మీదికి తీసుకెళ్లండి. ఎర్ర వైను కూడా పట్టుకురండి.”

గదిలోనే గ్లాసులో పోసిచ్చి చూశాడు టోర్‌లైఫ్. ఆమె మొహం తిప్పుకుంది. “ఇక్కడ కాదు. గడ్డి మీద.”

వారం రోజులు ఆయన నిద్ర సరిగా పోలేదని ఆ కళ్లే చెప్పాయి. జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున పైడితల్లి దగ్గరికి వచ్చి, “నీ ఫ్లాస్కు ఒకసారి ఇస్తావా?” అన్నాడు.

“కాఫీకా తాతగారూ?” అంది. ఆయన్ను ఆమె అలాగే పిలిచేది. ఆ తెలుగు ముక్క ఆయనకూ అలవాటైపోయింది.

అవునంటే సరిపోయేది. కాని ఆ మనిషికి అబద్ధానికి నోరు తిరగదు. “కాదు,” అన్నాడు.

పైడితల్లి అటూ ఇటూ చూసి నన్ను ఆయన చేతిలో పెట్టింది. మధ్యాహ్నం ఓస్‌హిల్డ్ కూర్చున్న చక్రాల కుర్చీని తోసుకెళ్తూ, తన భాషలో సణుక్కుంది: “ఓలమ్మ, ఈ ముసలాయన నన్ను ఇరికించీసినాడు. ఉజ్జోగం ఊడితే ఏటి సేత్తాను?”

మెట్ట మీద ఎండ కాస్తోంది. గడ్డి నిండా కాగితపు సంచులతో మనుషులు. ఓస్‌హిల్డ్ సముద్రాన్ని చూసి చేతులు ఒళ్లో పెట్టుకుని నిమ్మళంగా కూర్చుంది. టోర్‌లైఫ్ నా మూత తిప్పి, అందులోనే వైను పోసి ఆమెకు అందించాడు. ఆమె వాసన చూసి ముక్కు చిట్లించింది. ఇంగువ మహిమ!

సరిగ్గా అప్పుడే ఒక పోలీసమ్మాయి వచ్చి ముందు నిలబడింది. పాతికేళ్లు ఉంటాయేమో. “ఫ్లాస్కులో ఏముందండీ?” అని మర్యాదగానే అడిగింది.

“చారు!” అంది పైడితల్లి. “మా ఊరి మిరియాల చారు. కావాలంటే వాసన చూడండి!”

పోలీసమ్మాయి వంగి చూసింది. ఆ ఘాటుకు నమ్మేసేదే.

“వైను,” అన్నాడు టోర్‌లైఫ్. “తెచ్చింది నేను. ఈ అమ్మాయికి ఏమీ తెలియదు.”

మొదటి మాట నిజం, చివరి మాట అబద్ధం. ఆయన జీవితంలో అదే మొదటి అబద్ధమేమో, చెవుల దాకా కందిపోయాడు. పోలీసమ్మాయి ఇంకేమీ అనకముందే భార్య చేతిలోంచి మూత తీసుకుని, అందులోదీ నాలోదీ గడ్డి మీద ఒంపేశాడు. ఒంపుతూ తల పక్కకు తిప్పుకున్నాడు.

“ఇప్పుడూ అంతే!” అంది ఓస్‌హిల్డ్.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నవ్వుతోంది.

“ఆ రోజూ ఇలాగే తల తిప్పుకున్నాడు, ఏడుపొచ్చినవాడిలా. చేపల ఫ్యాక్టరీ ఆడపిల్లలం నలుగురం ఇక్కడే కూర్చున్నాం. తలా ఇంత వేసుకుని కొన్న సీసా. ఒక్క గుటకైనా పడకముందే ఈ టోర్‌లైఫ్ వచ్చి ఒంపేశాడు.”

పేరు పెట్టి పిలిచింది. ఆయన చేతిలోంచి నేను జారి గడ్డి మీద పడ్డాను.

“మరి ఊరుకున్నారా?” అని అడిగింది పోలీసమ్మాయి, వచ్చిన పని మరచిపోయి.

“నేనా? దారి పొడుగునా తిట్టాను. మర్నాడు అదే వైను తన డబ్బుతో కొని మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో మా నాన్న నిలబడితే, ‘ఇది ఇంట్లోనే తాగాలండీ’ అన్నాడు.”

పైడితల్లి పగలబడి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పోలీసమ్మాయి చేతిలోని పుస్తకం మూసేసింది. “ఒంపేశారు కదా, ఇంక రాయడానికి ఏముంది?” అంటూ కాగితపు సంచులవాళ్ల వైపు వెళ్లిపోయింది, తొందరేమీ లేనట్టుగా.

ఓస్‌హిల్డ్ మతిలో ఆ వెలుగు అరగంట ఉంది. ఈ లోపల వాళ్లిద్దరూ ఎన్ని మాటలు చెప్పుకున్నారో. ఇప్పుడు నా రబ్బరు అరిగిపోయింది, వేడి నిలవదు. పైడితల్లి వంటింట్లో గరిటెలు మోస్తూ బతుకుతున్నాను. అయినా ఆ అరగంట మాటల్లో ఒక్కటి కూడా నాలో చల్లారలేదు.

చివరికి ఓస్‌హిల్డ్ గొంతు సన్నగిల్లింది. చూపు మళ్లీ సముద్రం మీదికి జారింది. పక్కనున్న పెద్దాయన్ను మర్యాదగా అడిగింది.

“తర్వాత ఆ తిట్టిన పిల్ల ఏమైందండీ?”

“పెళ్లి చేసుకుంది.”

“ఎవర్ని?”

“నన్నే,” అన్నాడు టోర్‌లైఫ్.

ఆమె ఆయన్ను నెరిసిన జుట్టు నుంచి బూట్ల దాకా పరీక్షగా చూసింది. నిదానంగా తల ఊపింది.

“అయితే మంచిపనే చేసింది.”