వెర్లీన్ ఎంచుకున్న మంత్రం

ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం కింది గదిలో, పాచికలు వేస్తూ కథలోని పాత్రలుగా ఆడుకునే ఆ బల్ల చుట్టూ ఒకప్పుడు ఏడుగురు కూర్చునేవారు. ఇప్పుడు నలుగురే మిగిలారు. ఆటలో తన పాత్ర చనిపోతే కొత్త పాత్ర రాసుకుని మళ్లీ ఆడవచ్చు. వెళ్లిన ముగ్గురూ తమ పాత్రలు పోయాక ఆ పని చేయలేదు. అందరితో చేతులు కలిపి, కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు. అందుకే వైద్యురాలి పాత్ర ఆడే వెర్లీన్‌కి పాచిక దొర్లిన ప్రతిసారీ ఇంకెవరు వెళ్లిపోతారోనని భయం.

పోయిన నెల ఒక రాక్షసుడు ఓరిన్ ఆడే విలుకాడి కుడిచెయ్యి నరికేశాడు. అలాంటి గాయం మామూలు మంత్రాలకు మానదు. ఇప్పుడు వైద్యురాలు ఆటలో ఒక మెట్టు పైకెక్కింది కాబట్టి కొత్త మంత్రం ఒక్కటి నేర్చుకోవచ్చు. ఆట నడిపే గెరిట్ నియమం ప్రకారం మంత్రాన్ని తన పాత్ర కాగితం మీద సిరాతో రాయాలి, రాశాక మార్చడానికి లేదు.

పోతున్న ప్రాణాన్ని నిలిపే మంత్రం తీసుకోమని స్కూలు బస్సు నడిపే ట్వైలా చెప్పింది. వెర్లీన్ వారమంతా ఆలోచించింది. పక్షవాతం వచ్చాక ఓరిన్ సొంత కుడిచెయ్యి కూడా పడిపోయింది. మాట తగ్గించాడు. ఆటలో కూడా చెయ్యి లేకపోతే ఇక రావడం మానేస్తాడేమోనని ఆమె భయం. ఎవరికీ చెప్పకుండా, తెగిన అవయవాన్ని మొలిపించే మంత్రం రాసేసుకుంది.

ముట్టుకునే ముందు వైద్యురాలు అనుమతి అడగడం ఆ బల్ల దగ్గరి మర్యాద. ఆదివారం ఆట మొదలవగానే, విలుకాడి చెయ్యి మొలిపించనా అని వెర్లీన్ ఓరిన్‌ని అడిగింది.

"మా డాక్టరమ్మ ముహూర్తం పెట్టింది, చెయ్యి చాచు ఓరిన్," అంది ట్వైలా, నోట్లో చీజ్ ముక్క వేసుకుంటూ.

ఓరిన్ తల అడ్డంగా ఊపాడు. "వద్దు వెర్లీన్. ఒంటిచేత్తో వీడెలా బతుకుతాడో చూద్దామనే నేను వారం వారం వస్తున్నది. బాగుచేసేస్తే ఇక్కడ నాకేం పని?"

వెర్లీన్ ముఖం వేడెక్కింది. ముందుగా ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఫోను నంబరు ఉంది, వారం రోజుల సమయమూ ఉంది.

ఆట సాగింది. విలుకాడు ఎడమచేత కత్తి పట్టుకుని అందరికంటే ముందు ఒక వంతెన ఎక్కాడు. అవతలి నుంచి మూడు బాణాలు తగిలాయి. పోతున్న ప్రాణాన్ని ఎవరైనా నిలపగలరా అని గెరిట్ అడిగితే అందరూ వెర్లీన్ వైపు చూశారు. ఆమె తన కాగితం వాళ్ల వైపు తిప్పింది. గెరిట్ చదివి వెనక్కి జరిపాడు.

విలుకాడు అక్కడే పోయాడు. గెరిట్ కొత్త పాత్ర కోసం ఓరిన్ ముందు ఖాళీ కాగితం పెట్టాడు. ఓరిన్ దాన్ని కాసేపు చూసి, మెల్లగా తిరిగి ఇచ్చేశాడు. పాచికలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాడు. అందరికీ ఎడమచెయ్యి అందించాడు.

"నీ తప్పేం లేదులే," అన్నాడు వెర్లీన్‌తో. "వాడు బాగానే నెట్టుకొచ్చాడు."

వచ్చే ఆదివారం రమ్మని అడగాలనుకుంది. కానీ బయట మెట్లమీద మంచు గడ్డకట్టిందేమో, చూసుకుని వెళ్లమంది.

"ఉప్పు చల్లారు, కరిగిపోయింది," అన్నాడు ఓరిన్.

పై తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆమె అతను ఎక్కుతున్న మెట్లు లెక్కపెడుతూనే ఉంది.