తోడికోడలి పాలు

చిన్నకోడలి బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజున పోయింది. పాలు మాత్రం పోలేదు. ఎవరికోసమని వస్తాయవి? పూటపూటకీ జాకెట్టు తడిపేస్తూ దాని ప్రాణం తోడేశాయి.

ఆ వారంలోనే పెద్దకోడలికి ఏడో నెల కాన్పయింది. పిడికెడంత పిల్ల, అద్దాల పెట్టెలో పెట్టారు. తల్లికి చుక్క పాలు పడలేదు. డబ్బాపాలు పోస్తే కక్కేస్తోంది, పొట్ట ఉబ్బిపోతోంది. "రెండు రోజుల్లో తల్లిపాలు దొరక్కపోతే నా చేతుల్లో లేదు," అనేశాడు డాక్టరు.

తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేక రెండేళ్ళు. గొడవ దేనిమీదంటారా, మిక్సీ మూత మీద. నవ్వకండి, సంసారాలు అలాంటివాటి మీదే విడిపోతాయి.

అయినా కబురు విన్న చిన్నకోడలు ఆసుపత్రికి పరిగెత్తింది. నర్సు రక్తపరీక్ష చేయించి ఏ దోషమూ లేదంది, పాలు సీసాలోకి పట్టించింది. "తల్లి సంతకం కావాలమ్మా," అంది.

పెద్దకోడలు మంచం మీంచే అరిచింది. "పాలు ఎండడానికి మాత్రలు మింగినదాని పాలా? నీ బిడ్డ పోయిందని నా బిడ్డనీ చంపుతావా?"

ఎంత మాట! వార్డంతా తిరిగి చూసింది. సీసా పారబోయించింది మహాతల్లి. మర్నాడు పొద్దున్నే చిన్నకోడలు మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పారబోయించింది.

"సిగ్గులేదుటే నీకు?"

"లేదక్కా."

నిజంగానే లేదు. సిగ్గుపడే తీరిక ఎక్కడిది?

మధ్యాహ్నానికి పిల్ల ఏడవడం కూడా మానేసింది. చిన్నకోడలు మంచం పక్కన కూలబడి, సంచిలోంచి మాత్రల అట్ట తీసి పెద్దకోడలి ఒళ్ళో పడేసింది. ఒక్కటీ చింపలేదు.

"మింగలేదక్కా. మింగానని అత్తయ్యకీ, మీ మరిదికీ అబద్ధం చెప్పాను. నా చిట్టితల్లి నాకు మిగిల్చింది ఈ పాలొక్కటే. ఇవీ ఆగిపోతే నేను దాని అమ్మనని ఎవరికి గుర్తుంటుంది? లెక్కపెట్టుకో, పదీ ఉన్నాయి. తిట్టు, కొట్టు, జన్మలో నాతో మాట్లాడకు. సంతకం పెట్టక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

పెద్దకోడలు వేలు పెట్టి ఒక్కో మాత్రా తడిమింది. కాగితం లాక్కుని సంతకం గీకింది.

"నా పిల్ల మొహం చూడ్డానికి మాత్రం రాకు," అంది, ఇటు తిరక్కుండానే.

"రానక్కా," అంటూనే చిన్నకోడలు లేచి పాలు పిండే గదికి పరిగెత్తింది.

గంట తర్వాత నర్సు తలుపు తోసి, "కక్కలేదమ్మా," అంది.

బిడ్డ పోయాక చిన్నకోడలు నోరు తెరిచి ఏడవడం అదే మొదటిసారి. ఏడుస్తూనే రెండో సీసా నింపింది.